గ్రుడ్డు పెంకు, సోయా ఈస్ట్రోజన్: ఒక విమర్శ

పెట్టకు వయసు మీరిన కొలది గ్రుడ్డు పెద్దదగును, పెంకు పలుచనగును. పగిలిన గ్రుడ్డు పెంపకందారునకు నష్టము. సోయా చిక్కుడులోని జెనిస్టీన్, డైడ్జీన్ అను పదార్థములను దాణాలో కలిపినచో ఈ లోపము తీరునని ఒక వాదము కలదు. ఇవి వృక్ష ఈస్ట్రోజనులు, అనగా స్త్రీ హార్మోనును పోలిన మొక్కల పదార్థములు. ఈస్ట్రోజన్ రక్తములో కాల్షియమ్‌ను పెంచును. సోయా పదార్థము దానిని పోలియున్నది. కనుక పెంకు గట్టిపడును అని వీరి తర్కము. వినుటకు ఇంపుగానే ఉన్నది గాని, ఇందు మూడు లోపములు కలవు.

మొదటిది, రక్తములోని కాల్షియమ్ అంతయు పెంకునకు చేరదు. ఒక పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియమ్ ఉండును. పెంకు తయారగుటకు దాదాపు 20 గంటలు పట్టును. అందు అధికభాగము రాత్రివేళ జరుగును. అప్పుడు మేత చాలనందున, ఎముకల గుల్లలో నిల్వయున్న ప్రత్యేకపు ఎముక కరగి లోటు తీర్చును. దీనిని 1934లో కైస్, పాటర్ అనువారు పావురములలో వర్ణించిరి. ఈ నిల్వకు ఈస్ట్రోజన్ అవసరమే. అయితే పుంజునకు ఈస్ట్రోజన్ ఇచ్చినను రక్తములో కాల్షియమ్ పెరుగును, ఎముకలో నిల్వయు ఏర్పడును. పుంజు గ్రుడ్డు పెట్టదు గదా! పెరిగిన కాల్షియమ్‌లో పెద్ద భాగము పచ్చసొన ప్రోటీనులను అంటిపెట్టుకొని అండాశయమునకు పోవును. పెంకునకు పనికివచ్చునది విడిగానున్న కాల్షియమ్ అయాను. కావున రక్తపరీక్షలోని అంకె పెంకునకు సాక్ష్యము కాదు.

రెండవది, పోలిక సమానత్వము కాదు. సోయా పదార్థములు హార్మోను గ్రాహకములను పట్టుకొనును గాని వాని శక్తి స్వల్పము. అసలు హార్మోను సమృద్ధిగా ఉన్నచోట అవి తోడ్పడవచ్చును, అడ్డుపడనూ వచ్చును. ఇవి నిరపాయములనుటయు తగదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక జాతి క్లోవరు గడ్డి మేసిన గొఱ్ఱెలకు చూలు నిలువకపోవుటను 1946లో బెన్నెట్స్ మొదలగువారు ప్రకటించిరి. ఆ గడ్డిలోని దోషము వృక్ష ఈస్ట్రోజనే.

మూడవది, ప్రయోగ పద్ధతి. పోలికకై ఉంచిన కోళ్ల దాణాలోనూ తరచుగా సోయా పిండి ఉండును. అప్పుడు పోల్చబడునది 'ఉన్నది', 'లేనిది' కాదు. 'కొంత', 'మరికొంత' మాత్రమే. మరియు గ్రుడ్లు తగ్గినను, చిన్నవైనను పెంకు తనంతట తానే దళసరి కావచ్చును. పెంకు మందము ఒక్కటే చూపి, గ్రుడ్ల సంఖ్యను, బరువును చెప్పనిచో ఫలితము తేలదు.

సరియైన పరీక్షకు సోయా లేని దాణా తినిన కోళ్లు ఒక వరుసగా ఉండవలెను. చివర ఎముకల గట్టితనమును కూడ కొలువవలెను. ఈ పదార్థములు పచ్చసొనలోనికి చేరును గనుక, తినువారి మాటయు ఆలోచింపవలెను. అంతవరకు, దాణాలో 4 శాతమునకు దగ్గరగా కాల్షియమ్, తగినంత విటమిన్ డి, రాత్రి మెల్లగా కరగు ముతక ఆల్చిప్ప నలుసులు: ఇవియే నమ్మదగిన సాధనములు. పెంకు దళసరియై ఎముక గుల్లయైనచో అది లాభము కాదు. పెట్ట దేహమునుండి తీసిన అప్పు.