కోషియెన్ నేల పదును

జపాన్‌లో బేస్‌బాల్ ఆట చూడాలని ఒసాకా చేరినవారు హాన్షిన్ రైలెక్కి కోషియెన్ స్టేషన్‌లో దిగుతారు. 1924 ఆగస్టులో తెరిచిన స్టేడియం అక్కడికి దగ్గరే. హాన్షిన్ టైగర్స్ జట్టుకు అది సొంత మైదానం. వేసవిలో హైస్కూలు జట్ల జాతీయ పోటీలు జరిగేదీ అక్కడే. బాకాలు, డప్పులు, ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో పాట. కొత్తగా వచ్చిన విదేశీయుడి కళ్ళూ చెవులూ ముందు ఆ కోలాహలం వైపే పోతాయి. అతను ఒక్కసారి చూపు నేలమీదికి దించితే అంతే గొప్ప పనితనం అక్కడా కనిపిస్తుంది.

కోషియెన్ ఇన్‌ఫీల్డ్‌లో గడ్డి ఉండదు. పిచర్ నిలిచే దిబ్బ, బేస్‌ల మధ్య దారులు, ఫీల్డర్లు కాచుకునే చోటు అంతా నల్లగా మెరిసే మట్టే. అది నల్లమట్టీ ఇసుకా పాళ్ళు చూసి కలిపిన మిశ్రమం. నల్లమట్టి తేమను పట్టి ఉంచుతుంది, ఇసుక అదనపు నీటిని దిగనిస్తుంది. వసంతకాలంలో వానలు ఎక్కువ కాబట్టి ఇసుక పాలు పెంచుతారు. వేసవి ఎండలో తెల్లని బంతి స్పష్టంగా కనబడాలి కాబట్టి నల్లమట్టి పాలు పెంచుతారు. నీరు ఇంకడమూ, చూపు ఆనడమూ రెండూ ఆ పాళ్ళమీదే ఆధారపడి ఉంటాయి.

ఈ నేలను చూసుకునేది హాన్షిన్ ఎంగే సంస్థ సిబ్బంది. వారి అసలు పని ఆటలు లేని జనవరిలో మొదలవుతుంది. ఏడాదంతా తొక్కుడుపడి బిగుసుకున్న మట్టిని ట్రాక్టర్‌తో లోతుగా దున్ని తిరగేస్తారు. గుల్లబారిన నేలలోకి వాన అడుగుదాకా దిగేవరకు ఆగుతారు. తర్వాత పదును కోసం చూస్తారు. తడి ఎక్కువైతే మట్టి రోలర్‌కు అంటుకుంటుంది. మరీ ఆరితే పైన గట్టిపడి అడుగున వదులుగా మిగిలిపోతుంది. సరైన పదునులో రోలర్ నడిపితేనే అడుగు గట్టిగా, పైపొర మెత్తగా కుదురుతుంది. అడుగున దాగిన తేమ ఎండరోజుల్లో మెల్లగా పైకి వస్తూ పైమట్టి దుమ్ముగా లేచిపోకుండా కాపాడుతుంది.

తర్వాతది వాలు. దిబ్బ దగ్గర నుంచి ఇన్‌ఫీల్డ్ అవతలి గడ్డి అంచుదాకా నేల కంటికి ఆననంత కొద్దిగా దిగుతుంది. వాననీరు నిలవకుండా ఆ వాలు వెంట జారిపోతుంది. ఆటగాడు బేస్ మీదికి జారిన ప్రతిసారీ మట్టి కొంత స్థానం తప్పుతుంది. పొడవాటి కర్రకు అడ్డంగా పలక బిగించిన ‘తొంబో’ అనే పనిముట్టుతో సిబ్బంది దాన్ని సరిచేస్తారు. పైకి అడుగుజాడలు చెరిపేస్తున్నట్టు కనిపించినా, నిజానికి వాళ్ళు జరిగిన మట్టిని దాని చోటికి తిరిగి చేర్చి వాలును నిలబెడుతున్నారు.

నీళ్ళు చల్లడమూ ఒక విద్యే. పొడవాటి గొట్టాన్ని కొందరు భుజాలమీద మోస్తూ నడుస్తారు, ముందున్నవారు ధారను ఆకాశంవైపు ఎత్తి పట్టుకుంటారు. నీరు నేలను నేరుగా తాకితే గుంట పడుతుంది, పైకి చిమ్మితే తుంపరై అంతటా సమంగా రాలుతుంది. ఎండ, సముద్రపు గాలి, తర్వాతి ఆటకున్న వ్యవధి చూసుకుని ఎంత చల్లాలో అక్కడికక్కడే తేల్చుకుంటారు.

ఈ పనితనానికి పెద్ద పరీక్ష 2017 అక్టోబరులో వచ్చింది. 15న టైగర్స్, యోకొహామా జట్ల ప్లేఆఫ్ ఆట జోరువానలోనే సాగి ఇన్‌ఫీల్డ్ బురదమయమైంది. 16న వానవల్ల ఆట వాయిదా పడింది. 17న అదే నేలమీద మళ్ళీ ఆట జరిగింది. రెండురోజుల్లో నేల అలా కోలుకోవడం చూసినవారికి అద్భుతంలా తోస్తుంది. అయితే ఆ కోలుకునే గుణం జనవరి దుక్కిలో, రోజూ కాచుకున్న వాలులో ముందే ఉంది.

అందుకే కోషియెన్ వెళ్ళేవారు కాస్త ముందుగా చేరి, ఇన్‌ఫీల్డ్‌కు దగ్గరగా కూర్చుని సిబ్బంది పని చూడాలి. ఆ తర్వాత నేలబారుగా దూసుకొచ్చిన బంతిని షార్ట్‌స్టాప్ స్థానంలోని ఫీల్డర్ తడబడకుండా అందుకుని మొదటి బేస్‌కు విసిరినప్పుడు, ఆ ఆటలో రెండు నైపుణ్యాలు కనిపిస్తాయి. బంతి ఎంత ఎత్తు లేస్తుందో ఆటగాడు ముందే అంచనా కట్టగలిగాడంటే, ఆ అంచనా తప్పకుండా చూసినవారు నేలను సిద్ధం చేసినవారే.