సుందరమూర్తి చేతికఱ్ఱ

చూపు పోయినవారిని గూర్చి మన కావ్యములు చెప్పినది చాల కలదు. చూపు పోయిన మఱునాటి నుండి వారెట్లు బ్రదికిరో చెప్పినది మాత్రము స్వల్పము. ధృతరాష్ట్రుడు పుట్టంధుడు, చూపును గూర్చిన జ్ఞాపకమే అతనికి లేదు. గాంధారి కట్టుకొన్న గంతలు వ్రతము. ధూర్జటి తిన్నడు రెండవ కన్నును పెఱుకక మున్నే శివుడు ప్రత్యక్షమగును. చీకటిలో ఒక్క దినమైన గడుపవలసిన యవసరము అతనికి కలుగలేదు.

ఈ కొఱత లేని కవిత్వము గుడియాత్తము, వేలూరు తెలుగువారికి పొరుగుననే, తమిళ తేవారమున నున్నది. సుందరమూర్తి నాయనారు నంబి యను పేర పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలన మనకును పరిచితుడే. తిరువొత్తియూరు విడువనని సంగిలికి చేసిన ప్రమాణము తప్పి, ఊరి యెల్ల దాటగనే అతని కన్నులు పోయెనని 12వ శతాబ్దివాడగు శేక్కిళారు చెప్పెను. శేక్కిళారునకు ముఖ్యము శపథభంగము. పెక్కురు వ్యాఖ్యాతలకును అంతే.

కాని నాయనారు స్వయముగ పాడిన తిరువొత్తియూరు పదికము, ఏడవ తిరుమురైలో 54వది, వేఱొక బాధను చెప్పుచున్నది. ఒకడు కఱ్ఱకొన పట్టి యీడ్వగా కుక్కవలె వెంటబోవలసి వచ్చుట. ఏదైన నొకమాట యన్నచో ఇంటి యాడువారే గ్రుడ్డివాడవని కసరుకొనుట. అతనిని గాయపఱచినది చీకటి కాదు, పరాధీనత. వేలూరులో 1902లో వెలసి తరువాత నేత్రవైద్యమునకు పేరొందిన షెల్ ఆసుపత్రికి ఒకరి చేయి పట్టుకొని వచ్చువారిని చూచినవారు ఈ మాటను కాదనరు. కన్నులు తిరిగి యీయకున్న ఊతకోలైన నిమ్మని అతడు ముక్కంటిని అడుగుట చిన్న కోరిక కాదు. కోల తన చేతనున్నచో ఈడ్చువాడు అక్కఱలేదు.

వెణ్పాక్కమున ఆ కోల దొరకినది. అచ్చటి పదికమున అతడు, స్వామి కోవెలలో నున్నాడా యని యడుగును. ఉన్నాము, పొమ్మను సమాధానము వచ్చును. దీనిని నిందాస్తుతి యని సరిపెట్టుట చాలదు. చూపున్నవా డీ ప్రశ్న వేయడు. చూపులేనివానికి ఎదుటివాని యునికి అతడు పలికినంతసేపే.

కంచిలో ఎడమకన్ను వచ్చినది. ఆ పదికమున కఱ్ఱకొన లేదు, కసరుకొను ఆడువారును లేరు. కాంచుటకు కన్ను దొరకెనను సంతోషమే యున్నది. కుడికంటికై తిరువారూరులో చేసిన పోట్లాట వేఱు కథ.