కార్డా, రేడియోనా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ప్రశ్న నన్ను వదల్లేదు. స్నేహితులతో కలిసి బుల్లి విమానం కట్టాడట. పొలాల మీద ఉష్ణోగ్రత, తేమ కొలుస్తూ తిరుగుతుందట. ఆ లెక్కలు కిందికి పంపడానికి అన్నిటికన్నా వేగమైన రేడియో ఏదని అడిగాడు.

అంకె చేతికొచ్చాక ఏం చేస్తామో తేల్చుకోకుండా పరికరం కొనొద్దన్నది నా పాత పాటే. అయినా అడిగాడు కాబట్టి ఉన్న దారులు చూద్దాం. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వీడియోని కూడా మోస్తుంది, కానీ మామూలు యాంటెన్నాతో కొన్ని వందల మీటర్లకే నీరసిస్తుంది. సిమ్ వేసిన మోడెమ్‌కి దూరంతో పని లేదు. అయితే టవర్ల యాంటెన్నాలు నేలవైపు వంగి ఉంటాయి. పైకెగిరితే ఒకేసారి బోలెడు టవర్లు తగిలి సిగ్నల్ తడబడుతుంది. లోరా అనే రేడియో పద్ధతి నిదానంగా పంపుతుంది, కొద్దిపాటి శక్తితోనే కిలోమీటర్లు దాటిస్తుంది. 915 మెగాహెర్ట్జ్ కిట్లు మాత్రం ముట్టుకోవద్దు. అవి అమెరికా నిబంధనలకు చేసినవి. మన దగ్గర ఆ బ్యాండ్‌లో సెల్‌ఫోన్లు నడుస్తాయి. ఇక్కడ లైసెన్సు అక్కర్లేనిది 865-868. ఆ ముక్క చెప్పకుండా పిల్లలకు అంటగట్టే వ్యాపారులంటే నాకు మహా కోపం.

ఇంతకీ గాల్లోంచే పంపాలా? తేమ లెక్క సాయంత్రం చూసుకున్నా మారదు. చిన్న మెమరీ కార్డులో సెకనుకు వందసార్లు రాసుకోవచ్చు. కార్డు చాలు, రేడియో దండగ అని రాయబోతుంటే హైదరాబాద్ బెలూన్లు గుర్తొచ్చాయి.

టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం 1969 నుంచి అక్కడ ఉంది. పల్చటి పాలిథిన్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, పరికరాలు కట్టి, ముప్ఫై కిలోమీటర్ల పైకి పంపుతారు. పని అయ్యాక కింది నుంచి రేడియో ఆదేశం ఇస్తే తాడు తెగి, పరికరాల పెట్టె పారాచూట్‌తో దిగుతుంది. అది ఏ కంది చేలో పడుతుందో, ఏ చెరువులో పడుతుందో! దొరికితే విప్పకండి, కబురు చేయండి అని పేపర్లలో వచ్చే ప్రకటన నేను ఒక్క అక్షరం వదలకుండా చదివేవాణ్ని. పెట్టె దొరక్కపోయినా, ఎగిరినంతసేపు రేడియోలో దిగిన లెక్కలు కేంద్రంలో భద్రంగా ఉంటాయి. కార్డుకి ఆ భరోసా లేదు. విమానంతోపాటే అదీ పోతుంది.

కాబట్టి నాయనా, వేగం వెంట పడకు. విమానం ఉన్న చోటు, ఎత్తు, బ్యాటరీ వోల్టేజీ, ఉష్ణోగ్రత, తేమ: ఈ కాసిని బైట్లు 865లో లోరా మీద సెకనుకోసారి పంపితే చాలు. యాంటెన్నాను కార్బన్ ఫైబర్‌కి దూరంగా, నిటారుగా బిగించు. కార్బన్ రేడియోని అడ్డుకుంటుంది. పత్తి చేలో కూలిన విమానాన్ని వెతకడానికి ఆఖరిసారి అందిన ఆ చోటే ఆధారం. మిగతాదంతా కార్డులో రాసుకో. రెండింటిలో ఒక్కటే పెట్టే వీలుంటే రేడియోనే పెట్టు.