వెనక్కి వచ్చి ఆడినవాడు

ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం గురించి ఎవరు రాసినా పేరు పక్కన ‘ఫార్వర్డ్’ అనే రాస్తారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం – ఈ మూడు పేర్లనూ ఒక్క ఊపిరిలో చెప్పడం బెంగాల్‌లో ఇప్పటికీ అలవాటు. ముగ్గురూ గోల్స్ కొట్టారు కాబట్టి ముగ్గురూ ముందువరుస వాళ్లేనన్నది లోకం లెక్క. ఆ లెక్క నాకు సగమే నచ్చుతుంది. గోల్ కొట్టిందెవరన్నది కాసేపు పక్కనపెట్టి, ఆ గోల్‌కు బంతి ఏ దారిన వచ్చిందని వెనక్కి వెతుక్కుంటూ పోతే, బలరాం పనితనమంతా మైదానం నడుమ ఉందనిపిస్తుంది.

మా మంచిర్యాలలో సాయంత్రంపూట మైదానానికి వెళ్తే క్రికెట్టో వాలీబాలో కనబడుతుంది. ఫుట్‌బాల్ ఆడే పోరలు తక్కువే కానీ, ఉన్నవాళ్లకు తెలివి ఎక్కువ. ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఎవరని అడిగితే తడుముకోకుండా పిర్లో అంటారు. ఫోన్లో చూసి నేర్చుకున్నారు మరి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టినవాడొకడు ఆ ఇటలీ మైదానాల్లోనే ఆడి రెండు గోల్స్ కొట్టొచ్చాడంటే మాత్రం, ఎవరన్నా ఆయన అని మొహమొహాలు చూసుకుంటారు. వాళ్లననేదేముంది? చూపిద్దామంటే వీడియో దొరకదు.

1960 రోమ్ ఒలింపిక్స్ అది. పేరుకు రోమ్ అయినా మనవాళ్ల మూడు మ్యాచ్‌లూ మూడు వేరే ఊళ్లలో జరిగాయి. ఆగస్టు 26న లాక్విలాలో హంగరీతో, 29న గ్రొసెట్టోలో ఫ్రాన్స్‌తో, సెప్టెంబర్ 1న పెస్కారాలో పెరూతో. హంగరీ అంటే అప్పట్లో ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు లాంటిది. తర్వాత 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ కుర్రాడిగా ఆ జట్టులో ఉన్నాడు. రెండు గోల్స్ వెనకబడిన మనవాళ్లకు 79వ నిమిషంలో బలరాం ఒకటి సాధించాడు. 2-1తో ఓడిపోయాం. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, ఆ గోల్ పి.కె.ది. పెరూ చేతిలో 3-1 ఓటమి, ఆ ఒక్క గోల్ కూడా చివర్లో బలరాం కొట్టిందే. మూడు మ్యాచ్‌ల్లో మనకొచ్చిన గోల్స్ మూడు. వాటిలో రెండు ఇతనివి.

పదిహేడేళ్ల మిడ్‌ఫీల్డర్ జానీ రివెరా ఇటలీ జట్టులో ఆడింది కూడా ఆ ఒలింపిక్స్‌లోనే. అలెస్సాండ్రియా కుర్రాడు, ఆ ఏడే మిలాన్‌కు మారాడు. ఇటలీ సెమీస్‌లో యుగోస్లావియాతో డ్రా చేసుకుని నాణెం ఎగరేస్తే ఓడింది. ఆ తర్వాత కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో హంగరీ చేతిలో ఓడింది. స్కోరు 2-1. మనవాళ్లు ఓడిందీ అదే హంగరీ చేతిలో, అదే స్కోరుతో. ఒకే చేతి దెబ్బ తిన్నారన్నంత మాత్రాన రెండు జట్లూ సమానమని నేననను. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. ఎనిమిదేళ్లలో ఎక్కణ్నుంచి ఎక్కడికొచ్చారో ఆ రెండు స్కోర్లు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

ఈ ఎనిమిదేళ్ల వెనక ఉన్న మనిషి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. రహీం సాబ్ మీద ఆ మధ్య హిందీ సినిమా తీశారు కాబట్టి ఆయన కథ ఇప్పుడు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆయన తన బడిలో పెట్టిన రెండు పోటీల సంగతి మాత్రం చెప్పుకోవాలి. బలరాం కాళ్లు తయారైంది అలాంటి బడిలోనే.

మొదటిది డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఇద్దరిని తప్పించి చప్పట్లు కొట్టించుకుంటానంటే కుదరదు. వచ్చిన బంతిని వెంటనే పంపెయ్యాలి. పైకి చూస్తే ఇది పాస్‌ల సాధన. నిజానికి సాధనంతా కళ్లకూ మెడకూ. బంతి కాలికి తగిలాక ఆలోచిద్దామనుకునేవాడు ఈ ఆటలో నిలవలేడు. అది తన దగ్గరికి వచ్చేలోపే ఎవరెక్కడున్నారో చూసుకుని ఉండాలి. గనిలో పని మొదలయ్యే ముందు సర్దారు కర్రతో పైకప్పు తట్టి చప్పుడు వింటాడు, గట్టిగా ఉందో గుల్లబారిందో తేల్చుకున్నాకే మిగతావాళ్లను లోపలికి రానిస్తాడు. మంచి మిడ్‌ఫీల్డర్ తల తిప్పి చూసే ఆ ఒక్క చూపు అచ్చం అలాంటిదే. పిర్లో వీడియోలు చూసే మా పోరలకు నేను చెప్పేది కూడా ఇదే: బంతిని వదిలేసి, అది రాకముందు పిర్లో మెడ ఎన్నిసార్లు తిరిగిందో చూడండి.

రెండోది బలహీనమైన కాలి పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. వినడానికి పిల్లలాట. ఆడి చూస్తే తెలుస్తుంది ఇబ్బంది. నేరుగా వచ్చిన బంతి కూడా మడమకు తగిలి పక్కకు పోతుంది. కానీ ఒక సీజన్ ఇలా గడిపినవాడికి మైదానం రెండింతలవుతుంది. ఒంటికాలి ఆటగాడికి అవతలివాడు ఒక పక్క కాపు కాస్తే చాలు. రెండు కాళ్లూ పలికేవాడికి ఎటు కాపు కాయాలి? బలరాం గురించి రాసినవాళ్లంతా ఒప్పుకునే మాట ఇది: ముందువరుసలో ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు. ఎడమ వింగు, ఇన్‌సైడ్ లెఫ్ట్, అవసరమైతే నడిమధ్య. అలా చోటు మార్చి ఆడాలంటే రెండు కాళ్లూ మాట వినాలి.

ఆ కాళ్లకు మొదట దొరికిన బూట్ల కథ కూడా వినదగ్గదే. పోలీసులు వాడి పారేసిన బూట్లు సంపాదించి, మోచీకి రెండు రూపాయలిచ్చి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. ఆ రెండు రూపాయల కోసం తల్లిని బతిమాలాల్సి వచ్చింది. తర్వాత రహీం సాబ్ కంట్లో పడ్డాడు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కు దాదాపు పదిహేను కిలోమీటర్లు, రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు. అద్దె సైకిల్ కోసమని రోజుకో రూపాయి ఆయనే ఇచ్చారు. ఈ కథ చెప్పేవాళ్లు గురువు దయ దగ్గర ఆగిపోతారు. నాకైతే సైకిల్ దగ్గర ఆగాలనిపిస్తుంది. రానూపోనూ ముప్పై కిలోమీటర్లు తొక్కి, నడుమ ప్రాక్టీసు చేసిన కుర్రాడి ఊపిరి ఎలా ఉంటుందో లెక్కేసుకోండి. ముందుకూ వెనక్కూ తిరిగే ఆటకు కావలసిందే ఆ ఊపిరి.

ఎందుకు వెనక్కి రావాలో చెప్పాలంటే జట్టు అమరిక కొంచెం చూడాలి. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచాక 4-2-4 అనే మాట లోకమంతా పాకింది. రహీం సాబ్ అంతకుముందే ఆ పద్ధతి పట్టారని ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లంటారు. నలుగురు వెనక, నలుగురు ముందు, నడుమ ఇద్దరే. చూడ్డానికి దూకుడుగా ఉంటుంది కానీ, బంతి చేజారితే ఆ ఇద్దరి ప్రాణం మీదికొస్తుంది. నూర్ మహమ్మద్ లాంటి హాఫ్‌బ్యాక్‌లు సిటీ పోలీస్‌కూ, 1952, 1956 ఒలింపిక్స్ జట్లకూ ఆ బరువు మోశారు. ముందున్న నలుగురిలో ఒకడు దిగివచ్చి మూడో చెయ్యి వెయ్యకపోతే ఈ అమరిక నిలవదు. వచ్చేవాడికి బంతి లాక్కోవడం రావాలి, లాక్కున్నది సరైన చోటికి పంపడం రావాలి, పంపి మళ్లీ పెనాల్టీ బాక్సు దాకా పరిగెత్తడమూ రావాలి. ఇవన్నీ ఒక్కడికే రావడం అరుదు. బలరాంకు వచ్చు. పి.కె.ది పదునైన షాట్, చునీది బంతిని కాలికి అంటించుకునే నేర్పు. వాళ్లిద్దరి వెలుగు కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడేది. బలరాం ఆటలో అందం జట్టు మొత్తానికీ పంచిపెట్టి ఉండేది. అలాంటి ఆటగాడికి చప్పట్లు తక్కువ పడటం ఏ దేశంలోనైనా ఉన్నదే. బాలన్ డోర్ అందుకున్న మరుసటి ఏడు, 1970 ప్రపంచ కప్ ఫైనల్లో రివెరాను ఆఖరి ఆరు నిమిషాలకే దింపారు మరి!

1956, 1957ల్లో బలరాం ఆడిన హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఇరవై నిండీ నిండని బలరాం ఆ జట్టులో ఉన్నాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ పిలిచింది, కలకత్తా వెళ్లిపోయాడు. 1961లో ఆ క్లబ్బుకు కెప్టెన్ అయ్యాడు. 1952 తర్వాత చేతికందని కలకత్తా లీగ్‌ను ఆ ఏడు గెలిపించాడు. 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు. ‘మధ్యలో ఆడేవాడంటున్నావు, మరి ఇన్ని గోల్స్ ఎక్కడివి?’ అని ఎవరైనా నన్ను నిలదీస్తే, నా జవాబు ఇది: ఆలస్యంగా పెనాల్టీ బాక్సులోకి వచ్చేవాణ్ని పట్టుకోవడం డిఫెండర్లకు చాలా కష్టం. ముందే నిలబడి ఉన్నవాడి భుజం మీద చెయ్యి వేసి ఉంచొచ్చు. వెనకనుంచి పరిగెత్తుకొచ్చేవాడి మీద ఎవరు వేస్తారు?

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ అతని ఆటకు శిఖరం. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0. ఈ రెండింటిలోనూ బలరాం గోల్ ఉంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో బంగారు పతకం. పక్కనే ఇన్‌సైడ్ రైట్‌లో మన హైదరాబాద్ యూసుఫ్ ఖాన్, గోల్ దగ్గర తంగరాజ్. ఫైనల్లో గోల్ కొట్టినవాళ్ల జాబితాలో బలరాం పేరుండదు. ఫార్వర్డ్ చోటు డిఫెండర్‌కిచ్చి గెలవగలిగిన జట్టంటే, మిగతావాళ్లు తమ చోటు తామే సర్దుకునే రకమని అర్థం.

ఆ ఏడే అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడు, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. అదే ఏడు బలరాం బూట్లు విప్పేశాడు, ఊపిరితిత్తుల జబ్బు వల్ల. అప్పటికి ఇరవై ఏడేళ్లు. సాధారణంగా మిడ్‌ఫీల్డర్ చెయ్యి తిరిగే వయసది. రివెరా 1979 దాకా మిలాన్‌కు ఆడి, రెండు యూరోపియన్ కప్పులు గెలిచి, తర్వాత పార్లమెంటుకు కూడా వెళ్లాడు. బలరాం హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డాడు. పి.కె.కూ చునీకీ వచ్చిన పద్మశ్రీ అతనికి రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు.

వీడియో లేదు కాబట్టి బలరాంను చూసి నేర్చుకోమని మా పోరలకు చెప్పలేను. అతను నేర్చుకున్న బడి మాత్రం మళ్లీ పెట్టొచ్చు, దానికి ఓ బంతి, ఓ విజిల్ చాలు. సింగరేణి బొగ్గుగనుల్లో కార్మికుల ఆటల సంఘం డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ వాళ్లు ఏరియాల మధ్య ఆటల పోటీలు పెడుతుంటారు. శ్రీరాంపూర్, మందమర్రి జట్ల మధ్య ఒక్క మ్యాచ్ అయినా ఎడమకాలి నియమంతో ఆడించి చూడమనండి. కుడికాలి మొనగాళ్ల సంగతి మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది.