మారియన్ రిచర్డ్‌సన్ కళాబోధన: ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

ఉపాధ్యాయులకు కళాబోధన నేర్పే విశ్వవిద్యాలయ అధ్యాపకుల కృషిని దేనితో కొలవాలి? వారి సొంత తరగతిలో పిల్లలు గీసిన బొమ్మలతోనా? వారి దగ్గర శిక్షణ పొందినవారు మామూలు బడుల్లో చేసిన పనితోనా? ఈ ప్రశ్నను ఇంగ్లండుకు చెందిన మారియన్ రిచర్డ్‌సన్ (1892–1946) కృషి ఆధారంగా చర్చిద్దాం.

ఆమె 1912లో డడ్లీ పట్టణంలోని బాలికల ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ ఉపాధ్యాయురాలిగా చేరారు. 1924లో లండన్ డే ట్రైనింగ్ కాలేజీలో అధ్యాపకురాలై, కాబోయే ఉపాధ్యాయులకు కళాబోధనలో శిక్షణ ఇచ్చారు. ఈ కళాశాలే 1932లో లండన్ విశ్వవిద్యాలయపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌గా మారింది. 1930లో లండన్ కౌంటీ కౌన్సిల్ తన పాఠశాలల్లో కళాబోధనను పర్యవేక్షించడానికి ఆమెను ఇన్‌స్పెక్టరుగా నియమించింది. తన అనుభవాలతో ఆమె రాసిన ‘ఆర్ట్ అండ్ ది చైల్డ్’ ఆమె మరణానంతరం, 1948లో వెలువడింది.

మాటల చిత్రం

ఆనాటి బడుల్లో డ్రాయింగ్ అంటే చాలావరకు ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు దించడమే. చెయ్యి ఎంత కచ్చితంగా కదిలిందన్నదే కొలత. రిచర్డ్‌సన్ బర్మింగ్‌హామ్ కళాపాఠశాలలో రాబర్ట్ కాటర్సన్-స్మిత్ దగ్గర చదువుకున్నారు. కళ్లు మూసుకుని రూపాన్ని మనసులో నిలుపుకోవడం ఆయన నేర్పిన అభ్యాసం. డడ్లీలో ఆమె దీన్ని మరో దారిలో నడిపారు. పిల్లలను కళ్లు మూసుకోమని, వెన్నెల్లో కనిపించే ఒక చిన్న వీధి వంటి దృశ్యాన్ని మాటల్లో వర్ణించేవారు. తరువాత పిల్లలు తమకు మనసులో కనిపించినదాన్ని గీసేవారు. 1917లో చిత్రకారుడు, విమర్శకుడు రోజర్ ఫ్రై తన ఒమేగా వర్క్‌షాప్స్‌లో బాలల చిత్రాలను ప్రదర్శించినప్పుడు డడ్లీ పిల్లల బొమ్మలు కూడా అందులో చోటు చేసుకున్నాయి.

స్వేచ్ఛ ఎంత?

ఈ పద్ధతి పిల్లలకు స్వేచ్ఛ ఇచ్చిందని సాధారణంగా మెచ్చుకుంటారు. ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. దృశ్యాన్ని ఎంచినదీ, అందులోని వెలుగునూ రంగులనూ చెప్పినదీ ఉపాధ్యాయురాలే కదా! ఇక పిల్లలకు మిగిలిందేమిటి?

మిగిలింది చాలానే ఉంది. వెన్నెల వీధి అని చెప్పగలం గాని, ఆ వీధి కాగితం మీద ఎక్కడ మొదలవుతుందో, ఇంటి గోడ ఎంత ఎత్తు ఉంటుందో మాట చెప్పదు. ఆ ఖాళీలను బిడ్డే పూరించుకోవాలి. ఎదుట పెట్టిన నమూనాలో అటువంటి ఖాళీలు ఉండవు. అంతేకాదు, బొమ్మను ఇప్పుడు ఎదుటి వస్తువుతో కాక, తాను మనసులో చూసినదానితో పోల్చుకోవాలి. ఆ తీర్పు చెప్పగలిగేది గీసిన బిడ్డ ఒక్కతే. రిచర్డ్‌సన్ తెచ్చిన అసలు మార్పు ఇదే.

అయితే ఈ బలంలోనే ఒక బలహీనత ఉంది. బిడ్డ మనసులోని దృశ్యాన్ని ఉపాధ్యాయురాలు చూడలేరు. ఏ బొమ్మ నిజాయితీగా వచ్చిందో నిర్ణయించేటప్పుడు ఆమె అభిరుచి కూడా పనిచేస్తుంది. ఫ్రై వంటివారు ఆదరించిన కొత్త చిత్రకళ వైపు ఆమె మొగ్గు ఉండేది. ప్రదర్శనలకు ఎంపికైన బొమ్మలను చూసేటప్పుడు, ఎంపిక కానివి ఎలా ఉండేవో కూడా మనం ఆలోచించాలి.

ఒక తరగతి నుంచి అనేక బడులకు

డడ్లీలో ఆమెకు పిల్లలు బాగా తెలుసు. ఏళ్ల తరబడి సాగిన పరిచయం, ఆమె కంఠం, వర్ణనా నైపుణ్యం ఆ పద్ధతిలో భాగాలు. లండన్ బడుల్లో ఆ పనిని ఇతరులు చేయవలసి వచ్చింది. 1938లో కౌంటీ హాల్‌లో జరిగిన లండన్ పిల్లల చిత్రప్రదర్శన ఆమె ప్రభావం విస్తరించిందని చాటింది.

అయినా చాలా సులభంగా వ్యాపించింది మాటల చిత్రం కాదు. 1935లో వచ్చిన ‘రైటింగ్ అండ్ రైటింగ్ ప్యాటర్న్స్’ అనే చేతిరాత పుస్తకాల పద్ధతి. అక్షరాల్లోని వంపులను వరుసగా కలుపుతూ, రంగులు మారుస్తూ అల్లికలుగా గీయడం ఇందులోని అభ్యాసం. చిత్రకళ రాని ఉపాధ్యాయులు కూడా దీన్ని మొదలుపెట్టగలరు. కానీ ముందున్న నమూనాను చూసి చెయ్యి కదపడమే దీని మొదటి మెట్టు. పిల్లలు సొంత అల్లికల దాకా వెళ్తారో, నమూనా దగ్గరే ఆగిపోతారో తరగతిలోని ఉపాధ్యాయుల మీదే ఆధారపడుతుంది.

దీన్ని ఆమె వైఫల్యం అనడం న్యాయం కాదు. అచ్చులో ఇమిడేది త్వరగా ప్రయాణిస్తుంది. మనిషి సమక్షం కావలసినది నెమ్మదిగా నడుస్తుంది. ఈ పాఠం కూడా మీకు అచ్చులోనే చేరుతోంది. బోధనపద్ధతిని పుస్తకం తెలియజేయగలదు. బిడ్డ తన బొమ్మను చూసి ‘ఇది నేను చూసినట్టే ఉందా?’ అని తనను తాను అడుగుకునేలా చేయడం మాత్రం ఎదుట నిలబడిన ఉపాధ్యాయుల పనే. అందుచేత రిచర్డ్‌సన్ కృషికి సరైన కొలత ఆమె పేరుతో నిలిచిన బొమ్మలు కావు. ఆ ప్రశ్న ఎన్ని తరగతిగదుల్లో వినబడిందన్నదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. నమూనా చూసి గీయడానికీ, మాటల వర్ణన విని గీయడానికీ గల తేడాలను వివరించండి.
2. ఉపాధ్యాయుల అభిరుచి పిల్లల స్వేచ్ఛకు అడ్డు అవుతుందా? కారణాలతో చర్చించండి.
3. మీ ఊరి సంతను నలుగురు పిల్లలకు వర్ణించి బొమ్మలు గీయించండి. నాలుగింటిలో కనిపించిన తేడాలను ఒక పుటలో రాయండి.