కేతిగాడి నవ్వు ఎవరు నేర్చుకుంటారు?

1952లో డిస్నీ స్టూడియో ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అనే చిన్న కార్టూన్ సినిమా విడుదల చేసింది. హాలోవీన్ రాత్రి మిఠాయిలు అడగడానికి వచ్చిన మేనల్లుళ్లను డొనాల్డ్ డక్ ఏడిపిస్తాడు. హేజెల్ అనే మంత్రగత్తె పిల్లల పక్షాన చేరి అతని పని పడుతుంది. పిల్లలు జడుసుకోవాల్సిన రాత్రి ఎనిమిది నిమిషాల్లో నవ్వుల రాత్రి అయిపోతుంది. బొమ్మను కదిలించి, భయం పక్కనే నవ్వు పుట్టించే ఈ విద్య అనంతపురం సీమకు కొత్తది కాదు. ఇక్కడి తోలుబొమ్మలాటగాళ్లు తరతరాలుగా చేస్తున్న పని అదే.

పట్టుచీరల ధర్మవరానికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇంట్లో మరాఠీ యాస, తెర మీద తెలుగు: ఇదీ అక్కడి ఆటగాళ్ల కుటుంబాల తీరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కళ మాత్రం చాలా పాతది. 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తోలుబొమ్మలను ప్రస్తావించాడు.

బొమ్మకు ఎక్కువగా మేకతోలు వాడతారు. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుగు దాన్ని దాటి వస్తుంది. గీత గీసి, ఉలితో చిల్లులు పొడిస్తే అవే తెర మీద హారాలై, కిరీటాలై మెరుస్తాయి. రంగులు రెండు వైపులా వేస్తారు. పెద్ద బొమ్మలు మనిషెత్తుకు దగ్గరగా ఉంటాయి. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కోసి దారంతో ముడివేస్తారు. నడుమ నిలువుగా ఒక బద్ద, చేతులు ఆడించడానికి వేరే పుల్లలు.

కార్టూన్ సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు కలిసి చేసే పనిని ఇక్కడ ఒక మనిషి మణికట్టు చేస్తుంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీత స్పష్టంగా పడుతుంది. దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెద్దదై, మసకబారి, కరిగిపోతుంది. రాక్షసుడు మాయమవడానికి అంతకుమించి యంత్రం అక్కర్లేదు. కాళ్ల కింద చెక్కలు టపటపమని తొక్కితే యుద్ధం. మద్దెల, హార్మోనియం, తాళాలు, గజ్జెలు తోడుంటాయి. ఆడపాత్రల మాట, పాట ఇంటి ఆడవాళ్లవి.

మైరావణుడి కథ చూడండి. రామలక్ష్మణులను నిద్రలోనే పాతాళానికి ఎత్తుకుపోయి కాళికి బలివ్వబోతాడు. హనుమంతుడు వచ్చేదాకా చూసేవాళ్లకు ఊపిరాడదు. ఇలాంటి కథల మధ్యకే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే హాస్య పాత్రలు దూరతాయి. వాల్మీకికి వీళ్లెవరో తెలియదు. అందుకే ఏ కథలోనైనా చొరబడగలరు, ఏ మాటైనా అనగలరు. దేవుళ్లు గంభీరంగా పద్యం చదువుతారు. వీళ్లు సీమ యాసలో కొట్టుకుంటారు, తిట్టుకుంటారు, ఆట జరిగే ఊరి పెద్దమనిషి పిసినారితనాన్ని ఎత్తిపొడుస్తారు. రాత్రంతా సాగే ఆటలో నిద్ర ముంచుకొచ్చే వేళకు జనాన్ని లేపి కూర్చోబెట్టేది వీళ్లే. భయానికి బిగుసుకున్న మనసు ఇక్కడ సడలి, తర్వాతి ఘట్టానికి సిద్ధమవుతుంది.

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అదీ నమ్మకం లేని వాన. విరాటపర్వం ఆడిస్తే చినుకు పడుతుందని ఊళ్లు నమ్మాయి, ఆటగాళ్లను పిలిపించుకున్నాయి. పంట ఎండిన ఏడాది కూడా జనం గుంపుగా కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారంటే, అది కాలక్షేపం కన్నా పెద్ద సంగతి. కష్టాన్ని పదిమందిలో పంచుకుని తేలిక చేసుకోవడం అది.

ఇప్పుడు నిమ్మలకుంట తోలు దీపాల గూళ్లుగా, గోడ బొమ్మలుగా ఎగ్జిబిషన్లకు వెళ్తోంది. ఆ అమ్మకం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తోంది, ఉలి పనిని బతికిస్తోంది. కానీ కేతిగాడి మాటను దీపం గూటి మీద చెక్కలేం. ఎప్పుడు ఆగాలి, ఎవరిని ఆటపట్టించాలి, ఎంత మోటుగా మాట్లాడినా ఎక్కడ గీత దాటకూడదు అన్నది తెర వెనక పెద్దవాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది. దానికి ఆట కావాలి, ఎదురుగా జనం కావాలి.

డొనాల్డ్ నవ్వు రీలు మీద భద్రంగా ఉంది. డెబ్భై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. కేతిగాడి నవ్వు ఇంకా మనుషుల గొంతుల్లోనే ఉంది. కాబట్టి పదిహేను నిమిషాల ప్రదర్శనతో సరిపెట్టకుండా మన జాతరల్లో, శివరాత్రి జాగరణల్లో పూర్తి ఆట పెట్టించాలి. హాస్య ఘట్టాలతో సహా రాత్రంతా రికార్డు చేయాలి. నేర్చుకునే పిల్లలకు ఉలితో పాటు గొంతు శిక్షణకూ భృతి ఇవ్వాలి. బొమ్మ కొన్నవాళ్లం ఒక ఆటకు కూడా బయానా ఇద్దాం.