తొలి నవలకు జామీను ఎవరు?

అప్పుకోసం పోయిన దళితుణ్ణి ముందుగా అడిగే మాట ఒకటుంది: జామీను ఎవరు? భూమీ జీతమూ లేనివాడికి ఎవరో ఒక పెద్దమనిషి సంతకం పెడితేగాని కాగితం కదలదు. తొలి నవల అచ్చేయించుకోబోయే దళిత రచయితనూ సాహిత్యలోకం ఇదే అడుగుతోంది. కాకపోతే మాటలు మర్యాదగా ఉంటాయి. 'ముందుమాట ఎవరు రాశారు?', 'ఈ భాష అందరికీ అర్థమవుతుందా?', 'ఇది మీ సొంత కథేనా?' ఈ మూడూ జామీను అడగడమే. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలించాలని, అందులో మా తప్పులు కూడా ఒప్పుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత తెలుగులో దళిత సాహిత్యం ఉద్యమంగా లేచింది. అయితే ముందుగా వచ్చింది కవిత్వం. 1995 నాటికే 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చింది. నవల ఎందుకు వెనకబడింది? దళితులకు నవల చేతకాకనా? కాదు. కవితని ఒక రాత్రిలో రాయొచ్చు, సభలో చదవొచ్చు, కరపత్రం వెనక అచ్చేయొచ్చు. పాటైతే కాగితమే అక్కర్లేదు. నవలకు నెలలూ ఏళ్ళూ కావాలి. కూర్చోడానికి చోటు కావాలి, కూలి పోగొట్టుకోగల తీరిక కావాలి. రాశాక అచ్చుకు డబ్బు కావాలి. వెనకటి తరంలో ఎందరో రచయితల తొలి నవలని వారపత్రికల సీరియళ్ళు, నవలల పోటీలు జనంలోకి తెచ్చాయి. దళిత రచయితలు నవల చేపట్టేనాటికి ఆ వారపత్రికల కాలమే చివరికొచ్చింది. చాలామందికి మిగిలిన దారి సొంత ఖర్చు. అంటే మళ్ళీ అప్పే, మళ్ళీ జామీనే.

మొదటి జామీను ముందుమాట. అంటరానివాళ్ళ బతుకు మీద పేరుపొందిన రెండు తొలి నవలల్ని చూద్దాం. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని జైల్లో రాశారు. అది 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. ఆ నవలకు పీఠిక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు రాశారు. ముల్క్ రాజ్ ఆనంద్ తొలి నవల 'అన్‌టచబుల్' 1935లో లండన్‌లో వచ్చింది. బఖా అనే పాకీ కుర్రాడి ఒక్కరోజు కథ అది. పందొమ్మిది మంది ప్రచురణకర్తలు దాన్ని తిప్పికొట్టారు. చివరికి ఇ.ఎం. ఫోర్‌స్టర్ ముందుమాటతో అచ్చయింది.

ఈ ఇద్దరు రచయితలూ అంటరానివాళ్ళు కారు. వాళ్ళ నిజాయితీని మేము శంకించడం లేదు. మాలపల్లిలో రామదాసు కుటుంబాన్ని కథకు నడుమ నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. మేము అడిగేది వేరే. చదువూ పరిచయాలూ ఉండి, అంటరానితనం అనుభవించని మనిషి రాసినా, పాకీ కుర్రాణ్ణి కథానాయకుడు చేసినందుకే ఆ నవలకు మరొక పెద్దమనిషి పూచీ పడాల్సి వచ్చిందంటే, బఖాయే కలం పట్టి రాస్తే ఎవరు పూచీ పడేవాళ్ళు? ఆ వస్తువుకే జామీను అవసరమైన చోట ఆ మనిషికి ఇంకెన్ని జామీన్లు కావాలి?

రెండో జామీను భాష. తెలుగు నవలలో చాలాకాలం ఒక రాజీ నడిచింది. పాత్రలు మాట్లాడేది మాండలికం, రచయిత చెప్పేది శిష్ట వ్యావహారికం. ఇది పైకి వాస్తవికతలా కనపడుతుంది. కానీ లోపల జరిగేదేంటి? కథ చెప్పేవాడు ఊళ్ళో నిలబడి ఉంటాడు, పాత్రలు వాడలో ఉంటారు. నడుమ ఒక గీత. ఆ గీత కులం గీసిందే. వేముల ఎల్లయ్య 'కక్క' 2000లో వచ్చి ఆ గీతను చెరిపింది. సంభాషణలే కాదు, కథనం కూడా తెలంగాణ మాదిగపల్లె మాటల్లోనే సాగింది. 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా 'మా పేరు మేమే చెప్పుకుంటాం' అనే ధైర్యం ఇచ్చింది. ఆ ధైర్యం నవలలో వాక్యం దాకా వచ్చిందని మేము అనుకుంటున్నాం.

'కక్క' చదవడం కష్టమనే మాట విన్నాం. నిజమే, కొన్ని పేజీల్లో మేమూ ఆగాం. కోస్తా మాదిగలకు కూడా కొన్ని మాటలు కొత్తే. అయితే ఏంటి? ప్రబంధాలు చదవడానికి నిఘంటువు పక్కన పెట్టుకోమని విద్యార్థులకు చెప్పే పంతుళ్ళు, మాదిగపల్లె మాట దగ్గరికొచ్చేసరికి 'అర్థం కాలేదు' అని పుస్తకం మూసేస్తే ఆ లోపం ఎవరిది? ఇక ప్రూఫులు దిద్దే దశలో జరిగేది ఇంకా కనపడని హింస. 'కూడు' అన్నచోట 'అన్నం' అని దిద్దుతారు. అన్నం అంటే వరి. కూడు సంకటి కావచ్చు, గటక కావచ్చు, అడుక్కొచ్చుకున్నదీ కావచ్చు. ఆ దిద్దుబాటుతో మారింది భాష ఒక్కటే కాదు, ఆ ఇంటి తిండే మారిపోయింది. తొలి నవల రచయిత భయంతో ఒప్పుకుంటాడు. అచ్చయితే చాలనుకుంటాడు.

మూడో జామీను జీవితం. ఇది అన్నిటికంటే మెత్తగా అడుగుతారు, అన్నిటికంటే గట్టిగా తగులుతుంది. 1992లో తమిళంలో బామ 'కరుక్కు' వచ్చింది. అది ఆత్మకథగా వచ్చింది, ఆమె దాన్ని అలాగే రాసింది. కానీ ఆ తర్వాత దళితులు ఏం రాసినా ఆత్మకథగానే చదవడం విమర్శకులకు అలవాటైంది. నవలను సాక్ష్యంగా చదువుతారు. సాక్షిని అడిగేది 'నిజమేనా' అని ఒక్కటే. ఎలా చెప్పావు, ఎందుకు అక్కడ ఆపావు అని అడగరు.

జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' (2000) సంగతే తీసుకుందాం. 2010లో ఇంగ్లీషులోకి కూడా పోయింది. దాన్ని దళిత క్రైస్తవుల చరిత్ర అని, తరాల గాథ అని మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. మంచిదే. కానీ ఆ కథంతా రూతు జ్ఞాపకాల్లోంచి ఎందుకు నడిచింది? కరణం లెక్కల్లో, మిషనరీ రిపోర్టుల్లో దొరకని ఎల్లన్న పాట ఒక ముసలామె జ్ఞాపకంలో మాత్రమే మిగిలింది కాబట్టి. దళితుల చరిత్రకు ఆధారం ఏమిటన్న ప్రశ్నకు నవల తన నిర్మాణంతోనే జవాబు చెప్పింది. అలాగే ఒక లోపం కూడా చెప్పాలి. ఎల్లన్న, సుభద్రల భాగంలో ఉన్న నిదానం తర్వాతి తరాల దగ్గర లేదు. ఉద్యమం దగ్గరకొచ్చేసరికి మనుషులు వేగంగా దాటిపోతారు. ఇలా చెప్పడం నవలకు ద్రోహం కాదు. దాన్ని నవలగా గౌరవించడం.

ఇప్పుడు మా తప్పు. కొన్నేళ్ళ క్రితం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఒక చెల్లె రెండు నోటుబుక్కుల నిండా రాసిన నవల మా దగ్గరికి తెచ్చింది. అందులో కోతలైన చేలల్లో పరిగె ఏరుకునే ఒక తల్లి ఉంది. మేము చదివి చలించిపోయాం. 'ఈమె మీ అమ్మేనా?' అని అడిగాం. 'కాదు సార్, నేను కల్పించిన' అంది. ఆ మాటకు మా మొహాల్లో కాస్త నిరుత్సాహం కనపడి ఉంటుంది. పైగా, ఎవరైనా పేరున్నవాళ్ళతో ముందుమాట రాయించుకు రమ్మన్నాం. ఆమె సరే సార్ అని నోటుబుక్కులు సంచిలో పెట్టుకొని వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. అగ్రకుల రచయిత కల్పిస్తే ప్రతిభ అంటాం. దళిత రచయిత్రి కల్పిస్తే సాక్ష్యం చెల్లలేదని డీలా పడతాం. ఆ తల్లిని కల్పించడానికి ఆ పిల్ల ఎంత చూసి ఉండాలి, ఎంత విని ఉండాలి! దాని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. దళిత అధ్యయనం చేస్తున్నామని చెప్పుకునే మేమే జామీను అడిగాం.

1936లో జాత్-పాత్-తోడక్ మండల్ ఉపన్యాసంలో మార్పులు అడిగితే, కామా కూడా మార్చనన్నారు అంబేడ్కర్. సభ రద్దయింది. ఆయన తన ఖర్చుతో 'కుల నిర్మూలన' 1500 కాపీలు అచ్చేయించారు. రెండు నెలల్లో అయిపోయాయి. ఆ ధైర్యం మన వారసత్వం. కానీ ప్రతి కొత్త రచయితనూ 'నువ్వూ అంబేడ్కర్‌లా నిలబడు' అని ఒంటరిగా వదిలేయడం న్యాయం కాదు. పక్కన నిలబడాల్సింది మనం.

అందుకు పెద్ద సంస్థలు అక్కర్లేదు. అచ్చుకు ముందు రాతప్రతిని వాడలో నలుగురి మధ్య చదివించొచ్చు. ప్రూఫుల్లో ఏ మాట మార్చినా రచయిత ఒప్పుకున్నాకే మార్చాలి. ముందుమాట లేకుండా పుస్తకం రావచ్చు, విమర్శ తర్వాత రావచ్చు. కార్యకర్తలు సభల్లో పాటల పుస్తకాల పక్కన నవల కూడా పెట్టాలి. ఉపాధ్యాయులు కాలేజీ లైబ్రరీకి రెండు కాపీలు కొనిపించినా, తొలి నవల అప్పులో కొంత తీరుతుంది. అప్పు తీరితేనే రెండో నవల వస్తుంది.

ఆ చెల్లె ఎక్కడున్నా ఆ నోటుబుక్కులు పారేయకూడదని మా కోరిక. మళ్ళీ వస్తే 'ఇది నిజమా' అని అడగం. పరిగె ఏరుకున్న ఆ తల్లి తర్వాత ఏమైందని అడుగుతాం.